ఊరు విడిచినవాని హక్కు

గల్ఫు దేశములకు కూలికి పోయిన మనవారికి ఓటుహక్కు కలదా యని యడిగినచో, కలదనియే చట్టము బదులు చెప్పును. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టమును 2010లో సవరించి, విదేశమున వసించు భారతపౌరుడు తన స్వస్థలపు ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకొనవచ్చునని పార్లమెంటు శాసించినది. అయితే ఆ ఓటు వేయుటకు అతడు ఎన్నికనాడు స్వయముగా వచ్చి, తన యూరి పోలింగు కేంద్రమున వరుసలో నిలువవలెను. కువైటులో నొక యింట పనిచేయు మదనపల్లె స్త్రీ యజమాని సెలవిచ్చినగాని కదలలేదు. సెలవు దొరికినను, నెలల తరబడి కూడబెట్టిన జీతమును విమానపు టిక్కెట్టునకు ధారపోసి, ఒక్క ఓటుకొరకు సముద్రము దాటి రాగలదా? కాగితముమీద నున్న యీ హక్కు ఆమె చేతి కందునది కాదు.

అదే కువైటునందలి మన రాయబార కార్యాలయములో నుద్యోగము చేయు అధికారి తపాలా ద్వారా ఓటు పంపవచ్చును. సరిహద్దున కావలియున్న సైనికుడును పంపవచ్చును. అది న్యాయమే. కాని ఆ కార్యాలయపు గడపయొద్ద జీతపు బాకీకై ఫిర్యాదు కాగితము పట్టుకొని నిలుచున్న కూలికి ఆ మార్గము లేదు. ఇరువురును ఒకే దేశపు పౌరులు. ఇరువురును పరదేశముననే యున్నారు. నడుమ నున్నది ఒక గోడ. ఈ భేదమునకు కారణ మేమి? ప్రభుత్వము పంపగా పోయినవాడు దేశసేవకుడనియు, పొట్టకూటికై పోయినవాడు దేశమును విడిచినవాడనియు మన శాసనకర్తల మనస్సులో నెక్కడనో నాటుకొనియున్నది. ఈ భావము తప్పని నిరూపించుటయే మా యుద్దేశము. యుద్ధములును వలసలును దేశములను మార్చుచునే యుండును. ఆ మార్పులో సంఘము నిలుచునా చెదరునా యనునది ఊరు విడిచినవానికి ఏ హక్కు మిగిలినదను దానిని బట్టి యుండును. ఇందుకు మన ప్రాంతచరిత్రయే సాక్ష్యము పలుకుచున్నది.

మనవారు వేడుకకు ఊరు విడుచుట లేదు. మదనపల్లె టొమాటో మండి దేశమున పేరెన్నిక గన్నది. ఆ మండిలోనే ఒకనాడు ధర ఆకాశమంటును. మరియొకనాడు కోతకూలియైనను గిట్టక రైతు పంటను రోడ్డుప్రక్కన పారబోసి పోవును. పొట్టి యావులకు ప్రసిద్ధికెక్కిన పుంగనూరు సీమలో చెరువు నిండిన యేడు సేద్యము, నిండని యేడు బెంగుళూరు. కుప్పము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తమిళ కన్నడ దేశముల నడుమ చొచ్చుకొనియున్న ఆ తాలూకా ప్రజలు బెంగుళూరు రైలునే జీవనాధారముగ చేసికొనిరి. ప్రక్కనున్న కోలారు బంగారుగనులు 2001లో మూతపడువరకు, ఒక శతాబ్దమునకు పైగా చుట్టుపట్టుల జిల్లాల కూలీలు ఆ పాతాళమునకు దిగి బ్రతికిరి. వాన, ధర, పని యను మూడింటిలో ఏ యొక్కటి తప్పినను సంసారములో నొకరు మూట కట్టవలసినదే.

ఈ మూటకట్టుట నేటిది కాదు. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' యను నౌక మదరాసు కూలీలతో దక్షిణాఫ్రికాలోని దర్బాను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు లక్షన్నరమంది భారతీయులు ఒప్పందపు కూలీలై నెటాలు చెరకుతోటలకును బొగ్గుగనులకును పోయిరి. వారిలో మదరాసు రేవున ఓడ యెక్కినవారే యెక్కువ. నాడు చిత్తూరు ఏ జిల్లాలో నుండెనో ఆ ఉత్తర ఆర్కాటు జిల్లా, కూలీల నధికముగ పంపిన జిల్లాలలో నొకటి. ఒప్పందము ముగిసిన పిదప అచటనే స్వతంత్రముగ నిలువదలచిన వానిమీద 1895 నాటి శాసనము ఏటేటా మూడు పౌనుల తలపన్ను విధించినది. మరల ఒప్పందమునకైనను లొంగవలెను, ఓడయైనను ఎక్కవలెను. అది ఆ పన్ను పరమార్థము. 1913 మార్చిలో నొక న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పగా, మన స్త్రీలు శాసనము దృష్టిలో భార్యలుగ నిలువలేని స్థితి యేర్పడినది.

ఆ అవమానమునకు ప్రత్యుత్తరము చెప్పినవా రెవరు? చదువురాని కూలీలు, పసిబిడ్డల తల్లులు. స్త్రీలు సరిహద్దు దాటి గనులయొద్దకు పోయి కూలీలను సమ్మెకు పురికొల్పిరి. 1913 నవంబరులో వేలకొలది కూలీలు గాంధీగారి వెంట నెటాలునుండి ట్రాన్సువాలులోనికి నడచిరి. కారాగారమునుండి జబ్బుతో వెలువడిన వల్లియమ్మ యను తమిళ బాలిక 1914 ఫిబ్రవరిలో మరణించినది. ఆ సంవత్సరమే పన్ను రద్దాయెను, వివాహములు చెల్లెను. 1915లో గాంధీగారు స్వదేశమునకు తెచ్చిన సత్యాగ్రహమను ఆయుధము ఈ వలసకూలీల చెమటతోను రక్తముతోను పదునెక్కినదే. దేశమును విడిచినవారని మనము తలచినవారే దేశమునకు స్వాతంత్ర్యమార్గమును చూపిరి.

ఇక హక్కు లేనిచో నేమగునో బర్మా చరిత్ర చూపుచున్నది. విశాఖపట్టణము, గోదావరి తీరములనుండి పోయిన తెలుగువారు రంగూను రేవులో ఓడసరకులు దింపి జీవించెడివారు. 1931 జనాభా లెక్కలలో ఆ నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. 1930 మే మాసమున రేవు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలోనికి దించిరి. సమ్మె పరిష్కారమై మనవారు మరల రాగానే, ఆ బర్మీయులను పొమ్మనిరి. ఆకలిగొన్న రెండు జాతులను ఒకే యన్నపుముద్దచుట్టు కూర్చుండబెట్టినట్లాయెను. చెలరేగిన కల్లోలములో వందమందికి పైగా హతులైరి. వారిలో మన తెలుగు కూలీలే యధికులు. లాభము యజమానిది, శవములు కూలీలవి.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుపడినది. ముందురోజువరకు ఒకే సర్కారుక్రింద నున్నవారు ఆ యుదయమున పరదేశీయులైరి. 1942లో జపాను సేనలు రాగానే నాలుగైదు లక్షలమంది భారతీయులు ఇల్లువాకిళ్లు విడిచి అడవులదారిని పారిపోయి వచ్చిరి. వేలకొలది దారిలోనే ఆకలికిని రోగములకును బలియైరి. మిగిలినవారిలో అనేకులు 1962 తరువాతి సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా చేతిసంచితో తిరిగివచ్చిరి. 1982లో నచటి పౌరసత్వ శాసనము తరతరములుగ నున్నవారినిగూడ అనుమానపు వరుసలో నిలిపినది. తరతరముల శ్రమకు ఫలిత మిది.

ఇంచుమించు ఇట్టిదే యొక మార్పు మన జిల్లాలోనే జరిగినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్, మదరాసు రాష్ట్రముల సరిహద్దును సవరించిరి. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరినది. అంతకుముందు ఇరువైపుల ఆందోళనములు జరిగినవి, మనసులు నొచ్చినవి. తరువాతను బడిలో భాషనుగూర్చి, కచేరీలో కాగితముల భాషనుగూర్చి బాధలు లేకపోలేదు. కాని తిరుత్తణి తెలుగువాని పొలము పోలేదు, ఓటు పోలేదు. అతడు బిడ్డలను చేతబట్టుకొని అడవి దారి పట్టవలసిన గతి రాలేదు. సరిహద్దు ఇల్లు దాటిపోయినను పౌరసత్వము ఇంటిలోనే యుండెను. రంగూనునకును తిరుత్తణికిని గల భేద మిదియే. రెండు చోట్లను గీత జరిగినది; ఒకచోట హక్కు గీతతో పోయినది, మరియొకచోట హక్కు మనిషితో నిలిచినది. హక్కు మనిషితో నిలిచినచోట కలహము మాటలతో ముగిసినది.

ఊరు విడిచి పోయినవారి కథ యిట్లుండగా, ఊరు విడిచి మనయొద్దకు వచ్చినవారి ఋణమును మరువరాదు. మార్గరెట్ కజిన్సుగారు ఐర్లండు దేశీయురాలు. స్త్రీల ఓటునకై పోరాడి లండనునందును, స్వదేశమునందును చెరసాల చూచినవారు. 1915లో భర్త జేమ్సు కజిన్సుగారితో భారతదేశమునకు వచ్చిరి. మరుసటి యేడు డబ్లినులో జరిగిన తిరుగుబాటును మెచ్చుకొను వ్యాసము వ్రాసినందున జేమ్సుగారు మదరాసులో తమ పత్రికోద్యోగమును కోల్పోయి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో నధ్యాపకులైరి. మార్గరెట్ గారును అచటనే బోధించిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లెలో బస చేసి 'జనగణమన' గీతమును ఇంగ్లీషులోనికి మార్చిననాడు, దాని స్వరములను వ్రాసిపెట్టినవారు ఈమెయే.

1917లో భారతమంత్రి మాంటేగు రాజ్యాంగ సంస్కరణలను విచారించుటకు వచ్చుచున్నాడని తెలిసి, స్త్రీవిద్యనుగూర్చి విన్నవించుకొనుటకు ఈమె యనుమతి కోరిరి. రాజకీయ విషయములను మాత్రమే వినెదరని బదులు వచ్చినది. అట్లయిన రాజకీయమునే కోరెదమని, స్త్రీలకును ఓటు కావలెనను మాటను విన్నపమున చేర్చిరి. 1917 డిసెంబరు 18వ తేదీన సరోజినీ నాయుడుగారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము మదరాసులో మాంటేగును దర్శించినది. 1921లో మదరాసు శాసనమండలి స్త్రీల ఓటు నంగీకరించి, బ్రిటిషు రాష్ట్రములలో మొదటిదైనది. 1932లో ఆర్డినెన్సుల పాలనను ధిక్కరించి మదరాసులో మాటలాడినందుకు మార్గరెట్ గారు మన దేశపు జైలునుగూడ చూచిరి. సముద్రము దాటి మదనపల్లెకు వచ్చిన స్త్రీ మన స్త్రీల ఓటును కోరినది. నేడు మదనపల్లెనుండి సముద్రము దాటిన స్త్రీ ఆ ఓటునే వేయలేకున్నది. ఇంతకంటె చింతింపదగిన సంగతి యేమున్నది?

మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సాలయమును నెలకొల్పి నడిపిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్కువాడు. క్షయనివారణకైన బి.సి.జి. టీకాలు మన దేశమున మొదటగ 1948లో వేయబడిన తావు మదనపల్లెయే. వచ్చినవానికి నిలుచుటకు చోటును, మాటకు విలువయు నిచ్చినచో అతడు ఊరికి చుట్టము కాడు, ఊరివాడే యగును.

విదేశమున మనవారు పొందు సుఖమునకు వెనుక నెవరి పోరాటమున్నదో గమనింపుడు. అమెరికా దేశము 1917, 1924 శాసనములతో మనవారికి తలుపు మూసినది. 1923లో భగత్ సింగ్ థిండ్ యను సిక్కు సైనికునకు పౌరసత్వము తగదని వారి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1946లో తలుపు కొంచెము తెరచినను, ఏడాదికి నూరుగురికే ప్రవేశము. 1964లో నల్లజాతివారు వీధులలో దెబ్బలుతిని సాధించిన పౌరహక్కుల చట్టము వచ్చినది. ఆ గాలిలోనే 1965లో జాతినిబట్టి మనుష్యులను లెక్కించు వలస శాసనమును త్రోసిపుచ్చిరి. నేడు ఆ దేశమున గణకయంత్రములయొద్ద కూర్చుండి వేలకొలది డాలర్లు గడించు తెలుగు యువకుడు, ఎన్నడును చూడని ఆ నల్లజాతి కూలికి ఋణపడియున్నాడు. ఒకరి హక్కు గెలిచిన వెలుగు మరియొకరి ముంగిట పడును.

ఇప్పుడు కువైటునకు మరలుదము. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించుకొనగా, మన ప్రభుత్వము అమ్మానునుండి సుమారు రెండు నెలలలో 488 విమానయాత్రలు నడిపి లక్షకు మించిన భారతీయులను ఇంటికి చేర్చినది. లోకము మెచ్చిన కార్య మది. యుద్ధము వచ్చిననాడు 488 విమానములు పంపగలిగిన దేశము, శాంతికాలమున ఒక్క ఓటుకాగితము పంపలేదా?

శాంతికాలపు బాధ బాంబులవలె వినబడదు. అచటి పద్ధతిలో కూలి నివాసము యజమాని జామీనుమీద నడచును. దానినే కఫాలా యందురు. యజమానియైన కఫీలును విడిచి వెలుపలికి పోయినవాడు పారిపోయినవాడుగ నమోదై, ఆకామా పోగొట్టుకొని, నేరస్థుడగును. కువైటు 2015లో చేసిన 68వ నెంబరు శాసనము ఇంటిపనివారికి వారమున కొకనాడు సెలవును, దినమునకు 12 గంటలకు మించని పనిని నిర్ణయించినది. యజమాని పాస్‌పోర్టును దాచుకొనరాదనియు చెప్పినది. శాసనము మంచిదే. అది అరబ్బీ భాషలో నున్నది. మన ఖద్దామా తెలుగులో ఏడ్చును. 2024 జూన్ 12వ తేదీన మంగాఫులో కూలీలు క్రిక్కిరిసి నివసించు భవనము దగ్ధమై 45 మంది భారతీయులు మరణించిరి. వారిలో ఆంధ్రులును ఉండిరి.

మన గడపలోనిదైన దోషమును కప్పిపుచ్చుట న్యాయము కాదు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము లైసెన్సు గల ఏజెంటు మాత్రమే మనుష్యులను పంపవలెను. పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీది పన్ను మాత్రమే. కాని ఊరిలో తిరుగు సబ్-ఏజెంటునకు లైసెన్సును లేదు, రసీదును లేదు. ముప్పది యేండ్లు నిండని స్త్రీ ఇంటిపనికై ఆ దేశములకు పోరాదను నియమ మొకటి కలదు. రక్షించుటకు పెట్టిన ఆ నియమమును ఏజెంటు దాటించు ఉపాయము సులభము: సందర్శకుల వీసామీద ముందు వేరొక దేశమునకు పంపును, అచటినుండి కువైటునకు త్రోయును. అప్పుడామె పేరు మన ప్రభుత్వపు పుస్తకములో నుండదు. ఆపద వచ్చిననాడు వెదకువారికి ఆనవాలుండదు. నిషేధము ఆమెను ఆపలేదు, కనబడకుండ చేసినది.

ఇంటికి దగ్గరగ పోయినవాని గతియు ఇంచుమించు నిదియే. కుప్పమునుండి బెంగుళూరునకు పోయిన తాపీపనివానికి పాస్‌పోర్టక్కరలేదు. రాజ్యాంగములోని 19వ అధికరణము దేశమంతట సంచరించి నివసించు స్వేచ్ఛ నిచ్చినది. కాని 2020 మార్చిలో మహమ్మారి నివారణకై దేశమంతయు నొక్కసారిగ మూసివేసిననాడు, ఆ స్వేచ్ఛ కాలినడకగ మారినది. నగరములను కట్టినవానికి నగరమున ముద్దలేదు. ఇట్టివారు పనిచేయుచోటనే సొంత నియోజకవర్గపు ఓటు వేయుటకై ఎన్నికల సంఘము ఒక యంత్రమును ప్రతిపాదించినది. పక్షముల సంశయములలో నది యాగిపోయినది. ప్రవాసులకు ప్రతినిధి ద్వారా ఓటు నిచ్చు బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించినది. రాజ్యసభలో తీరక 2019లో నది మురిగిపోయినది.

దూరపు ఓటులో మోసమునకు తావుండునని కొందరు వాదింతురు. ఆ భయము పూర్తిగ నిరాధారము కాదు. యజమాని గుప్పిట నున్న కూలిచేత ఎవడైన బలవంతముగ ఓటు వేయింపవచ్చును. అందులకే రాయబార కార్యాలయములోనే రహస్యముగ వేయు ఓటును మేము కోరుచున్నాము. దొంగలభయమున తలుపు మూయవచ్చును గాని, ఇంటివానినే వెలుపల నుంచి మూయుట వివేకమా? 'వారిని పొమ్మన్న దెవరు?' అనువారికి మా బదులు చిన్నది. వారు పంపిన సొమ్ముతో కట్టిన ఇండ్లు, చదివిన బిడ్డలు, తీరిన అప్పులు ఈ తాలూకాలలో వీధివీధిని కనబడుచున్నవి. సొమ్మును స్వీకరించిన ఊరు మాటను త్రోసిపుచ్చరాదు.

మరియొక మాట మనలోమనము చెప్పుకొనవలెను. ఇటుకబట్టీలకును కట్టడములకును ఒడిశానుండియు ఉత్తరాదినుండియు వచ్చిన కూలీలు మన రాష్ట్రమునను ఉన్నారు. వారి బిడ్డలకు బడి, వారి తావునకు నీరు, వారి కూలికి లెక్క కలవా? 14, 21 అధికరణములు పౌరునకే గాక ఈ నేలపై నిలిచిన ప్రతి మనిషికిని సమానరక్షణ నిచ్చినవి. కనీసవేతనమునకు తక్కువగ నిచ్చి చేయించుకొనుటయు 23వ అధికరణము నిషేధించిన వెట్టియేయని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పరాయి కూలిని 'బయటివాడు' అని మనము త్రోసివేసినచో, కువైటు కఫీలును నిందించు నోరు మనకుండదు.

కావున మేము కోరునవి స్పష్టము. రాయబార కార్యాలయమున ఓటు. కూలి యొప్పందము తెలుగున వ్రాసి, ప్రయాణమునకు ముందే చదివి వినిపించుట. మోసగించిన సబ్-ఏజెంటును దుబాయిలో గాక మన తాలూకా కోర్టులోనే శిక్షించుట. సంబంధిత నిబంధనలను 1983 నాటి వలసల చట్టము స్థానమున రాబోవు క్రొత్త శాసనములో చేర్చుట. ఇవి ప్రభుత్వము చేయవలసినవి. పఠనాలయములలో కూర్చుండి ఈ పత్రిక చదువు పెద్దలు చేయదగినవియు కలవు. విదేశమునకు పోవువాని పాస్‌పోర్టు, వీసా, ఒప్పందముల నకళ్లు, ఏజెంటు పేరు, యజమాని చిరునామా ఇంటిలో నుంచునట్లు చూడుడు. ఏజెంటు లైసెన్సు నెంబరు నిజమైనదో కాదో ప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' జాబితాలో చూచి చెప్పుడు. జాబు వ్రాయలేని తల్లికి అర్జీ వ్రాసిపెట్టుడు. ఎన్నికలలో మీ వాకిటికి వచ్చు అభ్యర్థిని, కువైటులోనున్న మా యింటి ఓటు సంగతి యేమని యడుగుడు.

నెటాలు కూలీల మూడు పౌనుల పన్ను వారి యొక్కరి పన్ను కాదని ఆనాడు దేశము గ్రహించినది. అందువలననే పోరాటము గెలిచినది. నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఓటర్ల జాబితాలలో పేర్లుండియు పోలింగునాడు పిలుపునకు పలుకని వారెందరో కలరు. వారు చనిపోలేదు, దేశమును మరువలేదు. పనిలో నున్నారు. వారికి పలుకు మార్గము చూపుట మన వంతు.